ఎర్ర బండి పక్కన ఫోటో

బీరువా చప్పుడు పొద్దున్నించీ ఆగలేదు.

తలుపు తెరుచుకుంటుంది, కాసేపు ఏమీ వినిపించదు, మళ్ళీ మూసుకుంటుంది. పక్క గదిలో తమ్ముడి భార్య బట్టలు సర్దుతోంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరికి వాళ్ళు తెలియనట్టు తిరుగుతున్నారు. తమ్ముడు వరండాలో కూర్చుని తాడు ముక్కకి ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. టౌన్లో అద్దెకి తీసుకున్న గది తాళం చెవి అతని చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది.

పెద్దన్న చేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"మెకానిక్కు ఎక్కడిదాకా వచ్చాడట?" వంటింటి గుమ్మంలోంచి భార్య అడిగింది.

"దార్లో ఉన్నాడు."

"నిన్నా దార్లోనే ఉన్నాడు. మొన్నా దార్లోనే ఉన్నాడు. పొర్లుకుంటూ వస్తున్నాడా ఏం?"

తమ్ముడికి నవ్వొచ్చింది. మూతి బిగించి ఆపుకున్నాడు. మామూలు రోజైతే అన్నదమ్ములిద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు, వదిన గరిట పట్టుకుని వెంటపడేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

మెకానిక్కు దార్లోనూ లేడు, ఇంటిదగ్గరా లేడు. షోరూం వాళ్ళు ఫోను ఎత్తడమే మానేశారు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి పెద్దన్నకి నోరు రావడం లేదు. అడిగినప్పుడల్లా దార్లో ఉన్నాడని అంటున్నాడు. అన్నప్పుడల్లా ఆ లేని మనిషి మీద ఆయనకే కోపం వస్తోంది.

కొత్త ఎర్ర ట్రాక్టరేమో రోడ్డు పక్క చేలో మొండికేసి కూర్చుంది. వెనకున్న గొర్రు మట్టిలో దిగబడిపోయింది. దాన్ని పైకి లేపే లిఫ్టు పనిచెయ్యడం లేదు. గొర్రు లేస్తే కదా బండి ఇంటికొచ్చేది! చుట్టుపక్కల చేలల్లో విత్తనాలు పడిపోతున్నాయి. వీళ్ళ చేలో వాన పదును ఆరిపోతోంది. దారిన పోయేవాళ్ళు బండిని చూస్తారు, పెద్దన్న మొహం చూస్తారు, ఏమీ అనకుండా పోతారు. ఏదో ఒకటి అని పోయినా బాగుండేది.

"పోనీ, మీ మరదలితో ఒక్క మాట చెబితే ఏం పోయింది?" భార్య గొంతు తగ్గించింది. "నీలం ట్రాక్టర్ల కొట్టువాళ్ళ మెకానిక్కు పిలిస్తే వస్తాడు. రంగు వేరైనంత మాత్రాన విప్పి చూడలేడా? ఆ పిల్ల ఒక్క ఫోను చేస్తే చాలు."

"ఏ మొహం పెట్టుకుని అడగమంటావు?"

"ఉన్న మొహమే పెట్టుకుని. వేరేది ఎక్కడ తెస్తారు?"

పెద్దన్న చల్లారిన టీ పారబోసి గ్లాసు కింద పెట్టాడు.

ఆ మాట ఎలా అనేశాడో ఆయనకి ఇప్పటికీ తెలియదు. బండి కొనేముందు ఇదే వరండాలో అందరూ కూర్చున్నారు. మరదలు కూడలి దగ్గర నీలం ట్రాక్టర్ల కొట్లో, స్పేర్ పార్టుల కౌంటర్లో పనిచేస్తుంది. "బావగారూ, ఎర్ర బండి మంచిదే, కాదనను. కానీ దాని షోరూంకి పోవాలంటే బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాలి. అంతటికీ మెకానిక్కు ఒక్కడే. నీలం బండయితే పిలిస్తే చేలోకి వస్తారు. బండి ఎంత మంచిదైనా ఏదో ఒకరోజు ఆగుతుంది కదా," అంది. ఆ అమ్మాయి అన్నది అంతే. "మీ కొట్టువాళ్ళిచ్చే కమీషన్‌కి ఆశపడి, మా నాన్న నమ్మిన బండిని కాదనమంటావా?" అన్నాడు పెద్దన్న. పక్కింటివాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చేంత గట్టిగా అన్నాడు.

అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ రోజు నించీ మరదలు ఆయనకి భోజనం పెడుతుంది, నీళ్ళు పోస్తుంది, తీగ మీది చొక్కా తీసి మడతపెడుతుంది. మాట మాత్రం లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే, "అక్కా, బావగారి కోసం ఎవరో వచ్చారు," అని ఆయన భార్యకి చెబుతుంది. ఆయన ఎదురుగా ఉన్నా సరే.

"బండి ఆగిందని కాదన్నయ్యా మేం పోతున్నది," అన్నాడు తమ్ముడు, తాడు మీంచి కళ్ళెత్తకుండా. "బండన్నాక ఆగుతుంది. అది వేరు."

"నేనేమన్నానురా ఇప్పుడు?"

"ఇప్పుడు ఏమీ అన్లేదు. అదే తను అంటోంది. ఆ రోజు అంత మాట అని, మర్నాడు ఏమీ జరగనట్టు కూర్చుని భోంచేశారంది. దొంగసొమ్ము తినేదాన్ని ఇంట్లో ఎందుకుంచుకున్నారని అడుగుతోంది. నేనేం జవాబు చెప్పను? నువ్వు చెప్పు, పోయి చెబుతాను."

పెద్దన్న దగ్గర ఒక జవాబు ఉంది గానీ, అది ఇంట్లో చెప్పగలిగేది కాదు. లేచి, అలవాటు కొద్దీ కొక్కేనికున్న ఎర్ర టోపీ తీసి పెట్టుకున్నాడు. బండి కొన్నప్పుడు షోరూంవాళ్ళిచ్చిన టోపీ అది.

"నేనే వెళ్ళి మెకానిక్కుని వెంటబెట్టుకొస్తాను," అన్నాడు.

"దార్లో ఉన్నాడన్నారుగా? ఎదురెళ్తున్నారా?" అంది భార్య.

*

షోరూం షట్టరు దించి ఉంది. తాళం మీద దుమ్ము పేరుకుంది. షట్టరు సందుల్లోంచి చూస్తే, గాజు తలుపు లోపల, ట్రాక్టర్లు నిలబెట్టే చోట, ఒక విరిగిన కుర్చీ పడి ఉంది.

పైన బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద ఫోటోలో, ఎర్ర ట్రాక్టరు బానెట్టు మీద చెయ్యి వేసి, ఛాతీ విరుచుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు పెద్దన్న. మనిషికి రెండింతలున్నాడు. కింద పెద్ద పెద్ద అక్షరాలు: "మా నాన్న నమ్మిన బండి. నేనూ నమ్ముతాను!"

ఛీ! ఆ నవ్వు చూస్తే ఆయనకి ఒళ్ళు చచ్చిపోయింది.

ఈ బోర్డు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊరికే ధరలు కనుక్కుందామని వచ్చినవాణ్ణి ఓనరు లోపల కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు తెప్పించి, పెద్దన్న వాళ్ళ నాన్న కాలం నాటి ఎర్ర బండి కబుర్లన్నీ చెప్పించుకున్నాడు. "మీలాంటి పెద్దమనిషి మొహం బోర్డు మీద ఉంటే నలుగురూ నమ్ముతారండీ," అన్నాడు. పెద్దన్న ఉబ్బి తబ్బిబ్బయిపోయాడు. అక్కడికక్కడే బండికి సరేనన్నాడు, ఫోటోకి నిలబడ్డాడు. ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు అందర్నీ వరండాలో కూర్చోబెట్టి, "ఏ బండి కొందాం, మీరేమంటారు?" అని అడిగాడు. అడిగినందుకు ఆ పిల్ల మనసులో ఉన్నది చెప్పింది, పాపం. బండి ఇంటికొచ్చిన రోజున తీసుకెళ్ళి బోర్డు చూపిద్దామనుకున్నాడు. కమీషన్ అన్న మాట నోరు జారాక, ఇక ఆ బోర్డు గురించి నోరెత్తలేకపోయాడు.

గబుక్కున టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

"మీదీ ఎర్ర బండేనా?"

ఎదురుగా టీ కొట్టు. దాని ముందు బల్ల మీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర గోనెసంచి, అందులోంచి జిడ్డోడుతున్న ఇనప సామాను కనపడుతోంది.

"ఆఁ... అవునండీ."

"అయితే రండి, కూర్చోండి," అంటూ ఆమె పక్కకి జరిగింది. "నేను పొద్దున్నే వచ్చాను. ఓనరు పారిపోయాడట."

"పారిపోలేదమ్మా," టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ అన్నాడు. "బస్టాండు వెనక పరుపుల కొట్టు పెట్టాడు. పరుపులకి మెకానిక్కు అక్కర్లేదు కదా, హాయిగా ఉన్నాడు. మెకానిక్కు వేరే ఊళ్ళో పనికి కుదిరాడు. సామాన్లు కావాలంటే కంపెనీకే రాసుకోవాలట. పంటలు ఇంటికొచ్చేదాకా జవాబు రాదు."

పెద్దన్న కూర్చున్నాడు. మొహం బోర్డు వైపు లేకుండా ఓరగా తిరిగి కూర్చున్నాడు. ఆమె మాత్రం బోర్డుకేసి ఒకసారి చూసింది, ఆయనకేసి ఒకసారి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏవండీ, ఏమీ అనుకోకండి. ఆ పైనున్నది మీరేనా?"

అవునంటే అక్కడితో పోయేది. మహా అయితే నాలుగు తిట్లు తినేవాడు, దులుపుకునేవాడు. కానీ ఎన్ని అబద్ధాలాడుతున్నా ఇంకొకదానికి చోటు దొరుకుతూనే ఉంది ఆయన దగ్గర.

"కాదండీ. మా అన్నయ్య."

"అచ్చు గుద్దినట్టున్నారే!"

"అందరూ అదే అంటారండీ."

"మంచి మనిషా ఆయన?"

ఈ ప్రశ్న వస్తుందని పెద్దన్న అనుకోలేదు.

"ఎందుకడుగుతున్నానంటే," ఆమె చెప్పుకుపోయింది, "మా ఆయన ఈ బండి వద్దంటే వద్దన్నాడు. దగ్గర్లో కొట్టు లేదు, చూసేవాడు లేడు, వద్దన్నాడు. నేనే ఒప్పించాను. ఇక్కడే నిలబెట్టి ఆ ఫోటో చూపించాను. చూడండి, ఎంత నిమ్మళమైన మొహమో, ఇలాంటి మనిషి అబద్ధం చెబుతాడా అన్నాను. ఇప్పుడు బండి కొట్టంలో పడి ఉంది. మా ఆయన నన్ను ఒక్క మాటా అన్లేదండీ. అసలు మాట్లాడ్డమే మానేశాడు. ఇద్దరమే ఉంటాం ఇంట్లో. ఆయన అటూ, నేనిటూ."

పెద్దన్నకి తల కొట్టేసినట్టయింది. తిడితే భరించేవాడు. ఆమె తిట్టలేదు. పైగా టీ కొట్టాయన దగ్గర ఒక బిస్కెట్టు తీసుకుని ఆయన చేతిలో పెట్టి, "తినండి, పొద్దున్నించీ ఏం తిన్నారో ఏమో. మీరు మాత్రం ఏం చేస్తారు, మీరూ మీ అన్నయ్యని నమ్మే కొనుంటారు," అంది.

బిస్కెట్టు చేతిలోనే ముక్కలైంది.

"ఒకటి చేయండమ్మా," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "మా వైపు కూడలిలో నీలం ట్రాక్టర్ల కొట్టుంది. అక్కడ కౌంటర్లో మా తమ్ముడి భార్య ఉంటుంది. ఆ సామాను తనకి చూపించండి. ఎవరి బండి, ఏ రంగు అని చూడదు. వాళ్ళ మెకానిక్కుని పంపిస్తుంది."

"మరి ఊరికే చేస్తుందా? ఏమైనా పుచ్చుకుంటుందా?"

"ఛఛ! ఆ అమ్మాయి అలాంటిది కాదండీ. ఒకరి రూపాయికి ఆశపడే మనిషి కాదు. బంగారంలాంటి పిల్ల."

ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట! ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర, టీ కొట్టు బల్ల మీద కూర్చుని, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఇంట్లో బీరువా పక్కన నిలబడి చెప్పాల్సిన మాట అది. పెద్దన్న లేచాడు. బస్సుకి వేళయిందని గొణిగి, బస్సు లేకపోయినా బస్టాండు వైపు నడిచాడు.

రెండో బస్సు చాలాసేపటికి గానీ దొరకలేదు, ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నాన్న కాలంలో ఎర్ర బండి కొట్టాయన వెనకవీధిలోనే ఉండేవాడు. బండి ఆగిందని కబురందితే చాలు, తింటున్న భోజనం వదిలేసి సైకిలు మీద వచ్చేవాడు. నాన్న నమ్మింది ఆ మనిషిని. రంగుదేముంది! ఇంత చిన్న సంగతి తట్టడానికి, తాళం వేసిన షట్టరు ఎదురుగా కూర్చోవాల్సి వచ్చింది. మరదలు చెప్పిందీ ఇదేగా, ఇంతకంటే మర్యాదగా చెప్పింది.

చేను వచ్చింది. బండి ఉన్నచోటే ఉంది. బానెట్టు మీద కాకి వాలింది. బస్సులో ఎవరో, "ఇంకా అలాగే ఉందే పాపం," అన్నారు. పెద్దన్న తల దించుకున్నాడు.

చెప్పేస్తాను, అనుకున్నాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పేస్తాను.

*

గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది.

మంచం అప్పటికే ఎక్కేసింది. చుట్టిన పరుపుకి తమ్ముడు పొద్దున్నించీ ముళ్ళు వేసిన తాడే కడుతున్నాడు. పెద్దన్న భార్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చిన కళ్ళు. ఆయన్ని చూసి, "వచ్చారా? ఒక్కరే వచ్చారా?" అని మాత్రం అంది.

"షోరూం మూసేశారు."

తమ్ముడు తాడు బిగించాడు.

"మెకానిక్కు లేడు. ఎప్పుడూ దార్లో లేడు. నేనే... నేనే అలా చెప్పాను."

"తెలుసన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

తెలుసట! తెలిసే ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. ఆయన పరువు కాపాడ్డానికి ఇంటిల్లిపాదీ నమ్మినట్టు నటించారు. పెద్దన్న సిగ్గుతో చితికిపోయాడు.

మరదలు దుప్పట్ల మూట పట్టుకుని బయటికి వచ్చింది. ఆయన దారికి అడ్డంగా ఉన్నాడు. పక్కకి తప్పుకోమని అనలేదు, మూటతో అలాగే నిలబడింది.

"అమ్మాయ్," అన్నాడు పెద్దన్న. "అమ్మాయ్, ఆ రోజు నేను..."

"ఇదేనా అండీ ఇల్లు?"

వీధి మలుపులో కళ్ళద్దాలావిడ! గోనెసంచి భుజాన వేసుకుని, ఆయాసపడుతూ వస్తోంది. పెద్దన్న గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"హమ్మయ్య, మీరే! నీలం కొట్టుకి వెళ్ళానండీ. మీ మరదలు ఇవాళ సెలవు పెట్టిందన్నారు. ఇల్లెక్కడని అడిగితే వాళ్ళే దారి చెప్పారు." మరదలి కేసి తిరిగింది. "నువ్వేనా తల్లీ? మీ బావగారు నీ గురించి ఎంత చెప్పారో! ఒకరి రూపాయికి ఆశపడే మనిషి కాదు, బంగారంలాంటి పిల్ల అన్నారు. అంత గట్టిగా చెప్పారు కాబట్టే ధైర్యం చేసి ఇంటిదాకా వచ్చాను."

మరదలి చేతుల్లో మూట కాస్త కిందికి దిగింది. ఆమె పెద్దన్న కేసి చూసింది. ఇన్నాళ్ళకి ఆయన మొహంలోకి సూటిగా చూడడం అదే మొదలు. తమ్ముడు తాడు వదిలేశాడు.

అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! పెద్దన్న మనసులో ఎవరెవరికో మొక్కుకున్నాడు. ఆవిడ ఆగలేదు.

"ముందు మీ అన్నయ్యగారిని ఒకసారి పిలవండి బాబూ. తిట్టడానికి కాదులెండి. చూసి పోతాను."

"ఏ అన్నయ్య?" అంది పెద్దన్న భార్య, కళ్ళు తుడుచుకుంటూ. "ఈయనకి అన్నయ్య ఎవరమ్మా? ఇంటికి పెద్ద ఈయనే. వీడు తమ్ముడు."

"అదేంటండీ? మరి షోరూం బోర్డు మీద ఫోటో..."

ఆమె మధ్యలో ఆగిపోయింది. కళ్ళద్దాలు సవరించుకుంది. తీసి తుడుచుకోవాల్సిన పని లేకపోయింది ఈసారి.

"ఏ ఫోటో, బావగారూ?"

మరదలి గొంతు. ఆ గొంతు తనతో పలకాలని ఇన్నాళ్ళూ ఎంతగా ఎదురుచూశాడో! పలికింది. ఇలా పలికింది.

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. వచ్చి, మొదటిసారి అక్కడ దానికి చోటు దొరకలేదు.

"నాదేనమ్మా," అన్నాడు. "ఎర్ర బండి పక్కన నవ్వుతూ నిలబడ్డాను. షోరూం ఓనరు నా ఫోటో బోర్డు మీద పెడతానన్నాడు, నేను బండి తీసుకుంటానన్నాను. మిమ్మల్నందర్నీ కూర్చోబెట్టి అడగక ముందే అన్నాను. కమీషన్ తిన్నది నువ్వు కాదు. నేను."

పక్కింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ అనుకున్నాడు. ఆ రోజు విన్నవాళ్ళే ఇదీ వినాలి.

కళ్ళద్దాలావిడ మెట్టు మీద కూలబడింది. గోనెసంచి ఒళ్ళోకి లాక్కుంది.

"అయితే ఆ మొహం మీదేనా?" అంది మెల్లిగా. "మా ఆయనకి ఇప్పుడేం చెప్పుకోను?"

ఆటోవాడు హారన్ కొట్టాడు. మరదలు పెద్దన్నని చూసింది, మెట్టు మీద కూర్చున్నావిడని చూసింది. వంగి ఆమె ఒళ్ళోంచి సంచి అందుకుని అరుగు మీద పెట్టింది. దుప్పట్ల మూట ఎత్తుకుని, ఆటో వైపు పోకుండా లోపలికి వెళ్ళిపోయింది.

లోపల బీరువా తలుపు తెరుచుకుంది. పెద్దన్న చెవులు రిక్కించి నిలబడ్డాడు. తెచ్చినవి పెడుతోందో, మిగిలినవి తీస్తోందో వరండాలోకి తెలియలేదు. వెళ్ళి చూసే మొహం ఆయనకి లేదు.